కొత్త నీళ్లు వచ్చేదాకా

మా ఎర్రగుంట్లలో ఖాకీ గుడ్డ ఏది తొడుక్కున్నా మిలిటరీ అనే అంటారు. నేను చేరింది సాయుధ బలగంలో. ఎక్కువగా కాపలా కాసేది గోదాములనూ గేట్లనూ. అయినా సెలవుకు వచ్చిన ప్రతిసారీ టీ అంగడాయన "ఏమప్పా మిలిటరీ, యుద్ధం యాడిదాకా వచ్చింది?" అని అడక్కుండా గ్లాసు చేతికివ్వడు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు "సగమైందిన్నా, తక్కిన సగం నీకోసం పెట్టినాం" అంటాను. నవ్వుతాడు. యుద్ధం నేను చూడలేదు. తుపాకీ పేలకుండానే, శత్రువు లేకుండానే మనిషి నిలువునా ఎట్లా కాలిపోతాడో మాత్రం చూశాను. ఎక్కడో ఎడారిలో కాదు, మన కడప కొండల్లోనే, ట్రైనింగులో చూశాను.

కాలిపోయినవాడిది నా పక్క మంచం. వాడిది కర్నూలుకు పడమర, పత్తికొండ దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే ఊరు. మాటలో కన్నడం కలిసేది. డబ్బులు అనకుండా దుడ్లు అనేవాడు. వయసులో నాకన్నా పెద్ద. అయినా నన్ను అప్పా అనేవాడు, నేనేమో వాణ్ణి రేయ్ అనేవాణ్ణి. మా ఇంట్లో ఆదివారం చర్చి, వాళ్లింట్లో శనివారం ఆంజనేయుడు. క్రిస్మస్‌కు మా అమ్మ పంపిన కజ్జికాయలు సగం వాడే తిన్నాడు. అట్లా కలిశాం.

చేరిన వారంలోనే వాడు బ్యారక్‌లో నవ్వులాట అయ్యాడు. బకెట్టు నీళ్లు పట్టుకుంటే ముప్పాతిక నీళ్లతోనే స్నానం కానిచ్చి, తక్కినవి మూత పెట్టి మంచం కింద దాచేవాడు. తాగే సీసా ఎప్పుడూ సగానికి తగ్గనిచ్చేవాడు కాదు. మాలో ఒక గోదావరి కుర్రాడు ఉండేవాడు. కాలువ గట్టున పుట్టినవాడు, పంపు తిప్పి వదిలేసి తీరిగ్గా పళ్లు తోముకునే రకం. "ఏవండీ నీళ్ల షావుకారు గారూ, మంచం కింద చెరువేమైనా తవ్వుతున్నారా అండీ?" అని ఏడిపించేవాడు. మావాడు నవ్వి ఊరుకునేవాడు. పోయి ఆ పంపు మాత్రం కట్టేసి వచ్చేవాడు.

ఒకరోజు నాకే విసుగొచ్చి అడిగాను, "ఏందిరా నీకీ పిచ్చి? ఈడ పంపు తిప్పితే నీళ్లు వస్తాండాయి కదా!" అని.

"మా ఊర్లో ట్యాంకరుతో వచ్చేటివప్పా," అన్నాడు. "ఎప్పుడొస్తాదో ఎవురికీ తెలీదు. కొత్త నీళ్లు గడప దాటి లోపలికి వచ్చేదాకా పాత నీళ్లు అడుగంటియ్యకూడదు. అది మాయమ్మ పెట్టిన రూలు. నాలిక పీకినా సరే, బిందెలో అడుగు నీళ్లు ముట్టుకోకూడదు."

చిన్నప్పుడు ఒకసారి ముట్టుకున్నాడట. ఎండలో ఆడి వచ్చి, బిందె వంచి ఆ అడుగు నీళ్లు గటగటా తాగేశాడు. ఆ రోజు ట్యాంకరు రాలేదు. మరునాడూ రాలేదు. ఇంట్లో నాయనమ్మ జ్వరంతో పడి నీళ్లు నీళ్లంటుంటే వాళ్లమ్మ చెంబు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిందట. తిరిగొచ్చి ముసలామె గొంతు తడిపి, తర్వాత వీణ్ణి గుంజకు కట్టి కొట్టిందట. కొట్టి తనే ఏడ్చిందట. ఆ మాట చెప్పేటప్పుడు వాడి ముఖంలో అమ్మ మీద కోపం ఇసుమంతైనా లేదు. తప్పు చేసినవాడి ముఖమే పెట్టాడు.

మా నాయన కూడా ఆ బాపతే. సిమెంటు లారీ తోలేవాడు. ఎండలో మాటిమాటికీ నీళ్లు తాగే క్లీనర్ని చూసి "నీకు లారీ వద్దురా, చేపల చెరువు కాడ పనిప్పిస్తా" అనేవాడు. దప్పికను ఓర్చుకోవడం మా సీమలో ఒక మగతనం. దప్పికైతాంది అని నోరు తెరిచి అడగడం నామోషీ. అది ఎంత దిక్కుమాలిన నామోషీయో తెలియడానికి నాకు ఆ అడవి క్యాంపు కావాల్సొచ్చింది.

ట్రైనింగులో ఆఖరిది అడవి క్యాంపు. బద్వేలు దాటాక వచ్చే కొండల్లో, ఏప్రిల్ నెలలో పెట్టారు. అడవి అనడానికి నోరు రాదు. చెట్లుంటాయి, నీడ ఉండదు. ఎర్రచందనం మాన్లు ఆకులన్నీ రాల్చుకుని మోడుల్లా నిలబడి ఉంటాయి. కిందంతా పలుగురాళ్లు, రాళ్ల సందుల్లో ముళ్ల కంపలు. పొద్దు కాస్త పైకొచ్చిందంటే బండ మీద చెయ్యి పెట్టలేం, పెనం మీద పెట్టినట్టే. తుపాకీ గొట్టం పొరపాటున మెడకు తగిలితే చర్మం లేచొచ్చేది. చెమటకు చొక్కా తడిసి, ఆరి, ఉప్పు తెల్లగా పేరుకుని, మళ్లీ తడిసి మళ్లీ ఆరి అట్టలాగా అయ్యేది. బూట్లు తలకిందులు చేసి దులపకుండా తొడుక్కుంటే తేలు ఖాయం. తిండి ఎండిపోయిన చపాతీలు, ఉప్పెక్కువైన పప్పు. తుడుచుకోవడానికి కూడా నీళ్లు లెక్కే. కాళ్లు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, మేజోడు చర్మానికి అంటుకుపోతే దాన్ని ఊడబీకేటప్పుడు పెద్ద పెద్ద మొగోళ్లు అమ్మా అని అరిచారు. నేనూ అరిచాను.

మాకు ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు. ఉస్తాద్ అంటే మాకు నడక నుంచి తుపాకీ దాకా అన్నీ నేర్పే హవల్దారు. ఆయనా మన సీమ మనిషే. చెడ్డవాడని అనను. ఎవడికైనా కాలు బెణికితే తిడుతూనే వాడి మూట తన భుజాన వేసుకునేవాడు. కానీ ఒక పిచ్చి ఉండేది. మధ్యాహ్నం ఆగిన చోట అందరినీ వరసలో నిలబెట్టి సీసాలు ఊపి చూసేవాడు. ఖాళీ అయితే ఆ రాళ్ల మీదే దొర్లమనేవాడు. గోదావరి కుర్రాడు రోజూ దొర్లేవాడు. లేచి మోచేతులు దులుపుకుంటూ "దొర్లితే దొర్లాం, దాహం తీరింది కదండీ" అనేవాడు. మావాడి సీసా ఊపితే గలగలమనేది. ఉస్తాద్ ముఖం వెలిగిపోయేది.

"సూడండ్రా, సీమ పిల్లోడంటే వీడు! ఒంటె మాదిరి నడుస్తాండాడు. మీరూ ఉండారు, బర్రెగొడ్లు!"

ఇప్పుడు తలుచుకున్నా నాకు రక్తం ఉడుకుతుంది. ఆ ఎండలో తాగండ్రా అని నెత్తిన మొట్టాల్సిన మనిషి, తాగనివాణ్ణి దండ వేసినట్టు పొగిడాడు. ఆయనా నీళ్లకు మొహం వాచిన ఊర్లోనే పుట్టాడు, ఆయనకు ఎవరు చెప్తారు?

మావాడికి ఆ పొగడ్త ఊరికే తీపి కాదు, దాని మీదే వాడి బతుకు నిలబడి ఉంది. అంతకుముందు బ్యాచిలో వాడికి టైఫాయిడ్ వచ్చి క్యాంపు మధ్యలో పడిపోతే వెనక్కి పంపి, మళ్లీ మొదటినుంచీ మాతో కలిపారు. ఇంకోసారి పడితే ఇల్లే అని ముఖం మీదే చెప్పారు. వాళ్లమ్మ ఏటా సుగ్గికి పోయేది, అంటే ఊరు విడిచి గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి వలస. ఈ ఏడు నుంచి వద్దమ్మా అని వాడు మాటిచ్చి వచ్చాడు. "పడకూడదప్పా. ఏమన్నా కానీ, పడకూడదు," అనేవాడు బూట్లు కట్టుకుంటూ. ప్రతి పొద్దునా అదే మాట.

ఆ రోజు తెల్లవారుతూనే బయలుదేరాం. వీపున మూట, చేతిలో తుపాకీ, నడుముకు సీసా. రెండు కొండలు ఎక్కి దిగితే అడవి దారి వస్తుంది, అక్కడ నీళ్ల ట్యాంకరు ఉంటుంది, సీసాలు నింపుకుని ముందుకు పోవాలి. అదీ ఏర్పాటు. మధ్యాహ్నం ఆగినప్పుడు వాడి సీసా ముప్పాతిక పైనే ఉంది. ఉస్తాద్ వీపు తట్టాడు. రెండో కొండ దిగి దారి మీదికి వచ్చాం. ట్యాంకరు లేదు. వైర్‌లెస్ సెట్టులో అరిచి అరిచి ఉస్తాద్ తెలుసుకున్న సంగతి, బండి కమాను పట్టీ విరిగి వంకలో ఎక్కడో ఆగిపోయిందని. కొండ చుట్టూ తిరిగి మనమే దాని దగ్గరికి పోవాలని.

"నడవండి," అన్నాడు. ఇంకేమంటాడు.

అప్పటికి గాలి కూడా ఆగిపోయింది. ఒక్క పిట్ట అరవడం లేదు. నా సీసా ఎప్పుడో అయిపోయింది. నా పక్కన మావాడు నడుస్తున్నాడు, నడుము దగ్గర నీళ్లు బుడుంగు బుడుంగుమని చప్పుడు చేస్తున్నాయి.

"రేయ్, తాగరా," అన్నాను.

"తాగుతాలే అప్పా. ట్యాంకరు కంటికి కనపడనీ."

"పెదాలు పగిలి రక్తం కారతాంది, సూసుకున్నావా? రెండు గుక్కలు తాగు!"

"కొత్త నీళ్లు యాడుండాయో తెలీకుండా ఉన్నేవి తాగేస్తే ఎట్లప్పా?"

చెప్పానా, వినే రకం కాదు. అదే మనిషి, కాసేపటికి గోదావరి కుర్రాడు తూలుతుంటే సీసా విప్పి వాడి నోటికి పెట్టాడు. "ఆయప్ప తాగల్ల. కాలవ గట్టు పిల్లోడు, తట్టుకోలేడు," అన్నాడు నాతో. పెట్టి, మూత బిగించి, మళ్లీ నడుముకు తగిలించుకున్నాడు. తను ఒక్క చుక్క ముట్టలేదు. నేను లాక్కోబోతే చెయ్యి విదిలించి కొట్టాడు. అంతకుముందెప్పుడూ వాడు నా మీద చెయ్యెత్తలేదు.

ఇంకొంత దూరం పోయాక చూస్తే వాడి చొక్కా పొడిగా ఉంది. మా అందరికీ కారుతున్న చెమట వాడికి కారడం లేదు. ముఖం ఎర్రగా, తోలు తీసినట్టు. చెయ్యి పట్టుకుంటే అగ్గి. దారి వదిలి కంపల్లోకి నడుస్తున్నాడు. "యాడికిరా?" అంటే నన్ను చూసి "నాయనమ్మా, వస్తాండా, వస్తాండా" అన్నాడు. ఉస్తాద్ అని గొంతు చించుకుని అరిచాను. ఆయన వచ్చేలోపే వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. కూలబడి, రెండు చేతులూ రాళ్ల మీద ఆనించి లేవబోతూ, "పడలేదు సార్. పడలేదు. నడుస్తాండా," అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్ర లేపుతుంది.

నేను సీసా మూత తీసి నోటికి పెట్టాను. పళ్లు బిగించాడు. మనిషికి తెలివి లేదు, కళ్లు తేలేశాయి, కానీ రెండు చేతులూ వచ్చి సీసా మూతిని మూసేశాయి. "అడుగు నీళ్లు... అమ్మ కొడ్తాది," అంటున్నాడు. గోదావరి కుర్రాడు వాడి దవడలు పట్టుకుని తెరవబోయాడు. లోపలికి పోయింది కొంచెం, పక్కకు కారింది ఎక్కువ. అంత తెలివి తప్పిన మనిషి, నీళ్లు నేల మీద పడుతుంటే చూసి ఏడ్చాడు. కన్నీళ్లు మాత్రం రాలేదు, ఒంట్లో ఉంటే కదా.

ఉస్తాద్ పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి సీసా తీసుకున్నాడు. అలవాటు కొద్దీ ఊపి చూశాడు. గలగలమంది. ఆయన ముఖం బూడిదైపోయింది. ఆ నీళ్లన్నీ వాడి నెత్తి మీదా గుండె మీదా కుమ్మరించి, తన చొక్కా విప్పి విసరడం మొదలుపెట్టాడు.

రెండు కొమ్మలు నరికి, చొక్కాలు తొడిగి, వాణ్ణి వాటి మీద పడుకోబెట్టి మోశాం. ముందు వైపు పట్టింది గోదావరి కుర్రాడు. వాడు ఏడుస్తూ, తిడుతూ, ఒక్కసారి కూడా మార్చుకోకుండా మోశాడు. నేను ప్రభువా ప్రభువా అనుకుంటూ నడిచాను, అంతకుమించి ప్రార్థన రాలేదు. కొండ మలుపు తిరిగామో లేదో, వంకలో ట్యాంకరు. అంత దగ్గరలో! డ్రైవరు బండి కింద నీడలో పడుకుని ఉన్నాడు. వెనక కొళాయి సరిగ్గా పట్టక నీళ్లు ధారగా ఇసుకలోకి పోతున్నాయి. మావాణ్ణి తీసుకుపోయి ఆ ధార కింద పెట్టాం. "రేయ్, ట్యాంకరు వచ్చిందిరా, కొత్త నీళ్లు వచ్చినాయిరా, తాగరా," అని నేను చెవిలో అరుస్తూనే ఉన్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి. నీళ్లను చూడలేదు.

జీపులో బద్వేలుకు, అక్కడినుంచి కడపకు, ఆ తర్వాత కర్నూలుకు తీసుకుపోయారు. చావలేదు. పది మందీ అదృష్టం అన్నారు, నేనూ అన్నాను. వారం గడిచాక తెలిసింది. ఆ వేడికి ఒంట్లో కండలు లోపల్లోపలే చితికి, ఆ చెడంతా పోయి కిడ్నీల్లో పూడిపోయిందట. ఒంటేలు టీ డికాషన్ రంగులో వచ్చి, తర్వాత రావడమే మానేసిందట. కిడ్నీలు రెండూ పోయాయి. అన్‌ఫిట్ అని ఇంటికి పంపారు. మా పరేడ్ రోజు వాడు నిలబడాల్సిన చోట పక్కవాడు ఒకడుగు జరిగి నిలబడ్డాడు. వరస సరిపోయింది. బ్యాండు బాగానే వాయించారు.

పోయిన వేసవిలో వాణ్ణి చూడ్డానికి వాళ్ల ఊరు పోయాను. ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను గానీ, ముఖం చూసే ధైర్యం కూడగట్టుకోవడానికి అంత కాలం పట్టింది. వీధి మొదట్లోనే వాళ్లమ్మ ఎదురొచ్చింది. మనిషి ఎండి కట్టెలా ఉంది. మన సీమలో ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లిచ్చి, ఆ తర్వాతే మాట. ఆమె నన్ను ఇంటికి తీసుకుపోలేదు. చెయ్యి పట్టుకుని పక్కింట్లోకి తీసుకుపోయి, అక్కడ నీళ్లిచ్చింది.

"ఈడే తాగు నాయనా. లోపలికి పోయినాక అడగొద్దు. వాని ముందర మేమెవరం తాగం," అంది. "డాక్టరు దినానికి చిన్న సీసాడే తాగమన్నాడు. మిషను మీద రక్తం కడుగుతారు గానీ, నీళ్లు ఎక్కువైతే బయటికి పోవు. ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయంట. మొన్న మేమెవరం లేనప్పుడు బిందెల కాడికి పాక్కుంటా పోయి తాగినాడు. ఒళ్లంతా ఉబ్బి, ఊపిరాడక, సచ్చి బతికినాడు. అప్పట్నించీ నీళ్ల బిందెలు రూములో పెట్టి తాళమేస్తాండా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని అంది. "ఇప్పుడు ఇంటింటికీ కొళాయి ఉండాది, దినామూ వస్తాండాయి. సిన్నప్పుడు తాగొద్దని కొడ్తి. ఇప్పుడూ తాగొద్దనే సెప్తాండా. నాదేం బతుకు నాయనా? మీ దేవునికి కూడా ఒక మాట సెప్పు."

వాళ్లింట్లో వాడు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బి, రంగు మాడిపోయి ఉంది. ఎడమ చేతికి సూదులు గుచ్చీ గుచ్చీ నరాలు తాళ్లలాగా పైకి తేలాయి. నన్ను చూసి నవ్వాడు. నవ్వు మాత్రం పాతదే. గోదావరి కుర్రాడి పెళ్లి సంగతి, ఉస్తాద్ ఉద్యోగం మానుకుని ఊరికి పోయిన సంగతి చెప్పాను. అన్నీ విన్నాడు. విని అడిగాడు.

"పక్కింట్లో నీళ్లిచ్చినాదా మాయమ్మ?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఊ," అన్నాను.

"సల్లగుండాయా?"

"ఏం సల్లగా... ఉప్పురా. మీ ఊరి నీళ్లు నోట్లో పెట్టుకోలేకపోయినా."

"పోప్పా, అబద్ధాలు. ఈ నీళ్లు తియ్యగుంటాయని ఊరంతా సెప్తాండారు," అన్నాడు. నా వైపు జరిగి, "నా ముందర తాగుతావా?" అన్నాడు.

"పిచ్చి పట్టిందేంరా నీకు?"

"నేను అడగనులే అప్పా, ఒట్టు. ఇంట్లో ఎవురూ నా ముందర తాగరు. నేను దొంగ మాదిరి, వాళ్లు దొంగల మాదిరి. మనిషి నీళ్లు తాగేది సూసి శానా దినాలాయ. సూడల్లనిపిస్తాంది, అంతే."

వాళ్లమ్మ గడపలో నిలబడి అంతా వింటోంది. నేను ఆమె వైపు చూశాను, వద్దంటుందేమోనని. ఆమె కొడుకును చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత నడుములోంచి తాళంచెవి తీసి, రూము తెరిచి, చెంబు నిండా ముంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. అంచు దాటి కొన్ని నీళ్లు నేల మీద పడ్డాయి.

ఎత్తి పట్టుకుని తాగాను. సగం తాగేసరికి వాడి చూపు చెంబు మీదే ఉండడం కనిపించింది. చెంబు దించాను.

"అడుగున పెట్టొద్దు," అన్నాడు. "అంతా తాగు."

తాగాను. నా గొంతులో నీళ్లు దిగుతుంటే వాడి గొంతు కూడా ఉత్తినే మింగుతూ పైకీ కిందికీ కదిలింది. ఖాళీ చెంబు వాళ్లమ్మ తీసుకుపోయింది.